ఊహలో పుట్టిన అద్దపు ఫోను

యంత్రములలో కొన్ని ముందు తయారై, తరువాత రూపమును దిద్దుకొనును. మరికొన్ని ముందు బొమ్మగా పుట్టి, వస్తువు కావలెనన్న ఏండ్ల తరబడి వేచియుండును. ఈనాడు కోట్లాది మంది చేతులలో నున్న స్పర్శతెర ఫోను ఈ రెండవ తెగకు చెందినది. ముందువైపు అంకెల గుండీలు లేక, నల్లని అద్దపు పలకవలె నుండి, వ్రేలు తాకినచోట పని జరిపించెడి ఈ సాధనమును చూచి ఇప్పుడెవ్వరును ఆశ్చర్యపడుట లేదు. ఏ సంస్థ ఫోనును తీసికొన్నను దూరమునుండి ఒక్కటిగనే కనబడును. ఈ రూపమును మొదట ఊహించినదెవరు? నిజము చేసినదెవరు? నకలు తీసినదెవరు? ఈ ప్రశ్నలపై న్యాయస్థానములలో ఏండ్ల తరబడి వాదములు జరిగినవి. వందల కోట్ల డాలర్లు పణముగా నిలిచినవి. ఈ చరిత్రను పరిశీలించినచో ఒక సంగతి తేటపడును. కంటికి కనబడు రూపమును అనుకరించుట కొన్ని వారముల పని. ఆ రూపము వెనుక దాగియున్న పనితనమును సాధించుటకు దశాబ్దములు పట్టినవి.

ఊహా నమూనా అనగానేమి?

తయారీదారులు అమ్మకమునకు కాక, ప్రదర్శనకొరకే నిర్మించు వస్తువును ఇంగ్లీషులో కాన్సెప్ట్ అందురు. దీనిని మనము ఊహా నమూనా అనుకొందము. ఈ వాడుక మోటారుకార్ల పరిశ్రమలో ప్రారంభమైనది. 1938 లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థలో హార్లీ ఎర్ల్ అను రూపశిల్పి నిర్మించిన బ్యూక్ వై-జాబ్ అను కారును ఈ తెగలో మొదటిదిగా చెప్పుదురు. రాబోవు కాలపు కారు ఎట్లుండునో ప్రజలకు చూపి, వారి అభిరుచిని పరీక్షించుట దాని ప్రయోజనము.

ఊహా నమూనాకు ఒక సౌకర్యము కలదు. దానికి ఖరీదు పరిమితి లేదు. బ్యాటరీ ఎంతసేపు నిలుచునని అడుగువారు లేరు. జేబులోనుండి జారి నేలపై పడు ప్రమాదమును లేదు. ఒక్కొక్కప్పుడు అది కేవలము బొమ్మ. ఒక్కొక్కప్పుడు లోపల కొంత పనిచేయు సాధనము. ఈ భేదమును చూపరులు సాధారణముగా గమనించరు. మన కథలోని చిక్కులకు మూలము ఇదియే.

వ్రేలిని గుర్తించుట

తెరపై వ్రేలు పెట్టి యంత్రమును నడుపవచ్చునను ఆలోచన టెలిఫోనులవారికి రాలేదు. ఇంగ్లండులోని మాల్వర్న్ పట్టణములో రాయల్ రాడార్ సంస్థ ఉండెడిది. అందు పనిచేసిన ఇ. ఎ. జాన్సన్ 1965 లో స్పర్శతెరను వివరించుచు ఒక చిన్న వ్యాసమును ప్రకటించినాడు. విమానముల రాకపోకలను నియంత్రించువారికి గుండీలు నొక్కుటకంటె తెరపైనే చూపుట వేగముగా నుండునని అతని ఉద్దేశము. అతని తెర వ్రేలి విద్యుత్ గుణము నాధారముగా చేసికొని పనిచేసినది.

1972 లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారి ప్లేటో-4 అను బోధనాయంత్రమునకు మరియొక పద్ధతి నమర్చినారు. తెర అంచులనుండి కంటికి కనబడని పరారుణ కిరణములు అడ్డముగను నిలువుగను ప్రసరించుచుండును. వ్రేలు ఏ రెండు కిరణముల నడ్డగించినదో చూచి, తాకిన గడిని కనుగొందురు. విద్యార్థులు జవాబును తెరపైనే తాకి చూపగలిగినారు. అదే దశాబ్దములో ఐరోపా అణుపరిశోధన కేంద్రమైన సెర్న్‌లో ఫ్రాంక్ బెక్, బెంట్ స్టుంపె అనువారు పారదర్శకమైన స్పర్శతెరలను రూపొందించి, అక్కడి మహా కణత్వరణ యంత్రపు నియంత్రణశాలలో ప్రవేశపెట్టినారు. వేలకొలది గుండీలకు బదులు కొద్ది తెరలు చాలినవి.

వీరెవ్వరును ఫోనును తలచలేదు. విమానములు, పాఠములు, కణత్వరణము వీరి అవసరములు. ఫోనుకు ఈ విద్య చేరుటకు మరి రెండు దశాబ్దములు పట్టినది.

1992 నవంబరులో లాస్ వేగాస్ నగరమున జరిగిన కంప్యూటర్ల ప్రదర్శనలో ఐ.బి.ఎం. సంస్థ ఒక నమూనాను చూపినది. టెలిఫోను, దినచర్య పుస్తకము, విలాసముల పట్టిక అన్నియు ఒకే పెట్టెలో, ఒకే స్పర్శతెరపై నుండుట చూపరులను ఆకర్షించినది. ఈ నమూనాయే సైమన్ అను పేరుతో 1994 ఆగస్టులో బెల్‌సౌత్ సంస్థద్వారా అమ్మకమునకు వచ్చినది. బరువు సుమారు అరకిలో. ధర, రెండేండ్ల ఒప్పందముతో, 899 డాలర్లు. మాటలాడినచో బ్యాటరీ ఒక గంటసేపు మాత్రమే నిలిచెడిది. సుమారు 50,000 ఫోనులు అమ్ముడుపోయినవి. 1995 లో అమ్మకము ఆగిపోయినది. ప్రదర్శనశాలలో గెలిచిన ఊహ జేబులో నెగ్గలేదు.

రెండు పద్ధతులు

సైమన్ తెరకును నేటి ఫోను తెరకును గల భేదము తెలిసిననేగాని తరువాతి అనుకరణల కథ బోధపడదు. కాబట్టి కొంచెము ఓపికతో దీనిని పరిశీలింతము.

మొదటిది నిరోధ పద్ధతి. ఇందు పైన వంగెడి ప్లాస్టిక్ పొర, క్రింద అద్దము ఉండును. రెండింటి లోపలి ముఖములపైనను విద్యుత్తును ప్రవహింపజేయు పారదర్శక పూత ఉండును. ఇండియము, తగరము అను లోహముల ఆక్సైడు ఇందుకు వాడుదురు. పొరలు ఒకదానికొకటి అంటుకొనకుండ నడుమ సూక్ష్మమైన చుక్కలుండును. వ్రేలితో నొక్కినపుడు పైపొర వంగి క్రిందిదానిని తాకును. ఒక పొర ఎడమ అంచునుండి కుడి అంచువరకు 10 సెంటీమీటర్లున్నదనియు, ఎడమ అంచున సున్న, కుడి అంచున 5 వోల్టులు ఉన్నవనియు అనుకొందము. రెండవ పొర 2 వోల్టులు చూపినచో, తాకిన స్థానము ఎడమనుండి 4 సెంటీమీటర్లని తెలియును. అదే విధముగా నిలువు కొలతను కూడ కనుగొందురు.

ఈ పద్ధతి చవుక. వ్రేలితో నైనను, గోటితో నైనను, పుల్లతో నైనను పనిచేయును. లోపములు రెండు. తప్పనిసరిగా నొక్కవలెను, మృదువుగా జార్చిన చాలదు. రెండు వ్రేళ్లతో ఒకేసారి తాకినచో రెంటి నడుమ ఎక్కడనో ఒకే బిందువును తప్పుగా సూచించును.

రెండవది కెపాసిటరు పద్ధతి. రెండు వాహకముల నడుమ అవాహకము నుంచినచో అది విద్యుదావేశమును నిలుపుకొనును. అదియే కెపాసిటరు అని విద్యార్థు లెరుగుదురు. అద్దము క్రింద పారదర్శకమైన సన్నని వాహకపు గీతలను అడ్డముగను నిలువుగను పరచినచో, అవి ఒండొంటిని దాటుచోట్ల నెల్ల ఒక్కొక్క చిన్న కెపాసిటరు ఏర్పడును. అడ్డగీతలకు వరుసగా విద్యుత్ స్పందనములను పంపుచు, నిలువు గీతలపై వచ్చు ఫలితమును కొలుచుచుందురు. మన శరీరము వాహకము. వ్రేలు సమీపించినచో అక్కడి విద్యుత్ క్షేత్రములో కొంత భాగము వ్రేలికి మరలును. ఆ కూడలిలో కొలత తగ్గును. ఈ మార్పు అత్యల్పము. చుట్టునున్న విద్యుత్ అలజడినుండి దానిని వేరుచేసి, సెకనుకు పదులసార్లు తెర నంతటిని గాలించి చూచుటకు ప్రత్యేకమైన చిప్పు కావలెను. ప్రతి కూడలిని విడిగా చదువుటచే ఎన్ని వ్రేళ్లు తాకినను వేరువేరుగా తెలియును.

పాఠకులు దీనిని ఇంటిలోనే పరీక్షింపవచ్చును. ఫోను తెరను చెక్క పెన్సిలు వెనుకకొనతో తాకి చూడుడు, సాధారణముగా పలుకదు. ఆ పెన్సిలుకు అల్యూమినియము రేకును చుట్టి, రేకును చేతితో పట్టుకొని, మెత్తగా మడిచిన రేకు కొనను తెరకు ఆనించుడు, పలుకును. నొక్కుడు బలముతో ఈ తెరకు నిమిత్తము లేదు. చేతినుండి వచ్చు వాహకమార్గమే దానికి ముఖ్యము.

2006-2007: ఊహ వస్తువైన కాలము

2006 ఆగస్టులో అమెరికాలోని సినాప్టిక్స్ సంస్థ ఓనిక్స్ అను ఊహాఫోనును ప్రకటించినది. కంప్యూటర్ల స్పర్శఫలకములను తయారుచేయుటలో ఈ సంస్థ పేరుపొందినది. పైలట్‌ఫిష్ అను రూపకల్పన సంస్థ దీనికి ఆకారము నిచ్చినది. ముందుభాగమును ఆక్రమించిన కెపాసిటరు తెర వ్రేలికిని చెంపకును గల భేదమును గుర్తింపగలదని వారు చూపినారు. సినాప్టిక్స్ ఫోనులు అమ్మదలచలేదు. తన తెరను ఇతర తయారీదారులకు అమ్మదలచినది. ఓనిక్స్ ఒక విధముగా దుకాణపు కిటికీలోని బొమ్మ.

అదే సంవత్సరము డిసెంబరులో దక్షిణ కొరియాలోని ఎల్.జి. సంస్థ ప్రాడా అను ఫోనును ప్రకటించినది. కెపాసిటరు తెరతో విపణిలోనికి వచ్చిన మొదటి ఫోనుగా దీనిని చెప్పుదురు. నెలలోపలనే, 2007 జనవరి 9 న, ఆపిల్ సంస్థ ఐఫోనును ప్రదర్శించినది. రెండు వ్రేళ్లతో చిత్రమును పెద్దదిగను చిన్నదిగను చేయుట సభను ముగ్ధుల గావించినది. ఈ విద్యలో కొంత, డెలావేర్ విశ్వవిద్యాలయమునకు చెందిన వెస్టర్‌మన్, ఎలియాస్ అనువారు స్థాపించిన ఫింగర్‌వర్క్స్ సంస్థనుండి వచ్చినది. దానిని ఆపిల్ 2005 లో కొన్నది. తమ రూపమునే ఆపిల్ అనుసరించినదని ఎల్.జి. ఉద్యోగి ఒకరు 2007 లో ఆరోపించినారు. కాని ఒక నెల తేడాలో ప్రకటితమైన రెండు ఫోనులలో ఒకటి రెండవదానికి నకలగుట కష్టము. వేర్వేరు చోట్ల పండిన విద్య ఒకే ఋతువులో కోతకు వచ్చినదనుట సమంజసము.

ఆనాడు వేదికపై చూపిన ఐఫోను కూడ సగము ఊహా నమూనాయే. అప్పటికి తయారైనవి సుమారు వంద మాత్రమే. కొన్ని పనులను ఒక నిర్ణీతక్రమములో చేసిననే అది ఆగకుండ నడచెడిదని అందులో పాల్గొన్న ఇంజనీరు తరువాత వెల్లడించినాడు. జనవరిలో ప్లాస్టిక్ తెర యుండెను. గీతలు పడునను శంకతో జూన్‌లో విక్రయమునాటికి అద్దమునకు మార్చినారు. ఆ అద్దమునకు కార్నింగ్ సంస్థవారు 1960 దశకములో రూపొందించిన విద్య అక్కరకు వచ్చినది. వేడి లవణద్రవములో ముంచినపుడు అద్దపు ఉపరితలమునగల సోడియం అయానుల స్థానమును పెద్దవైన పొటాషియం అయానులు ఆక్రమించును. ఆ ఇరుకువలన ఉపరితలము బిగువెక్కి దెబ్బలకు ఓర్చుకొనును. నలుబది ఏండ్లనాడు గిరాకీ లేక మూలపడిన పరిశోధన ఈ విధముగా జేబులోనికి వచ్చినది.

షెంజెన్ నకళ్లు

ఐఫోను విక్రయము మొదలైన సంవత్సరములోనే చైనాలోని షెంజెన్ నగరమున దానిని పోలిన ఫోనులు వెలసినవి. ఇట్టి సరుకును చైనాలో షాన్‌జాయ్ అందురు. కొండకోట అని ఆ మాటకు అర్థము. ప్రభువుల ఆజ్ఞకు అందని తిరుగుబాటుదారుల స్థావరమని దాని ధ్వని.

అనుకరణ అంత సులభమగుటకు కారణము కలదు. తైవాన్‌లోని మీడియాటెక్ సంస్థ ఫోనుకు కావలసిన చిప్పును, దానిని నడిపించు ప్రోగ్రామును, అమరిక పటమును కలిపి అమ్మెడిది. పెద్ద పరిశోధనాలయము లేని చిన్న కర్మాగారముకూడ పైడొక్కును మార్చి కొత్త ఫోనును తేగలిగినది. ఫోనుల తయారీకి ప్రత్యేక అనుమతి పొందవలెనను నిబంధనను 2007 లో చైనా ప్రభుత్వము ఎత్తివేయుటయు వీరికి కలిసివచ్చినది.

ఈ నకళ్లలో పెక్కింటికి నిరోధ పద్ధతి తెరయే యుండెడిది. బయటికి ఐఫోను, తాకిచూచినచో సైమన్! మృదువుగా జార్చినపుడు చిత్రము కదలదు, గోటితో నొక్కవలెను, చిన్న ప్లాస్టిక్ పుల్లను కూడ ఇచ్చెడివారు. అసలు వస్తువని నమ్మి కొన్నవాడు మోసపోయినాడు. ఇది క్షమింపదగిన విషయము కాదు.

ఐనను తూకము వేయునపుడు రెండవ తట్టను కూడ చూడవలెను. ఆ నకళ్లలో అసలులో లేని సౌకర్యములు కొన్ని యుండెడివి. రెండు సిమ్‌కార్డులకు చోటు, ఊడదీసి మార్చదగిన బ్యాటరీ, బిగ్గరగా మ్రోగు స్పీకరు మున్నగునవి తక్కువ ఆదాయముగల వాడుకదారుల అవసరములు. రెండు సిమ్‌లు ఆపిల్ ఫోనులలోనికి వచ్చినది 2018 లో.

అనుకరణ చేయుచునే పని నేర్చినవారును కలరు. జూహై నగరములోని మీజూ సంస్థ సంగీతము వినిపించు చిన్న సాధనములను చేసెడిది. ఐఫోను ప్రకటన వెలువడిన 2007 లోనే దానిని పోలిన ఫోను చిత్రములను బయటపెట్టినది. కాని వస్తువు, అనగా మీజూ ఎం-8, విక్రయమునకు వచ్చినది 2009 ఫిబ్రవరిలో. చిత్రమునకు వారములు చాలినవి; వ్రేళ్ల నన్నిటిని గుర్తించు కెపాసిటరు తెరతో నిజమైన ఫోనును నిలుపుటకు రెండేండ్లు పట్టినది. ఆపిల్ అభ్యంతరముతో 2010 లో ఎం-8 తయారీ నిలిచిపోయినను, నేర్చిన విద్య పోలేదు. ఆ సంస్థ స్వంత రూపముతో తరువాతి ఫోనులు తెచ్చినది.

రూపము ఎవరి సొత్తు?

2011 ఏప్రిల్‌లో ఆపిల్ సంస్థ కొరియాలోని శాంసంగ్ సంస్థపై అమెరికాలో దావా వేసినది. గుండ్రని మూలలుగల దీర్ఘచతురస్రపు ముఖము, తెరపై చిహ్నముల అమరిక, జాబితా చివరకు వచ్చినపుడు బంతివలె వెనుకకు తగ్గుట మొదలగువాని విషయమై తగవు. 2012 ఆగస్టులో జ్యూరీ సుమారు 105 కోట్ల డాలర్ల నష్టపరిహారమును నిర్ణయించినది.

ప్రతివాదులు తమ రక్షణకు ఊహా నమూనాలను సాక్ష్యముగా పిలువజూచుట ఈ వ్యవహారములోని విశేషము. 1968 నాటి 2001: ఎ స్పేస్ ఒడిస్సీ అను చలనచిత్రములో వ్యోమగాములు భోజనపు బల్లపై నుంచుకొన్న పలకలను శాంసంగ్ ఉదహరించినది. ఆ పలకలు నటనకొరకైన వస్తువులు. 2006 లో ఆపిల్ రూపశిల్పి ఒకరు, సోనీ సంస్థ ఫోను చేసినచో ఎట్లుండునని ఊహించి గీసిన నమూనాను కూడ చూపదలచినది. అంతకు పూర్వమే, 2005 లో, అట్టి రూపము తమవద్ద సిద్ధముగా నున్నదని ఆపిల్ బదులిచ్చినది. ఈ రెంటిలో ఏదియు జ్యూరీ యెదుట శాంసంగ్‌కు రక్షణ కాలేదు.

పరిహారపు లెక్కకు మూలమైన చట్టము తివాచీలనుండి వచ్చినది. 1885 లో తివాచీల డిజైనును దొంగిలించిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు, లాభములో డిజైనుకు చెందిన భాగమెంతయో ఋజువు కాలేదని, ఆరు సెంట్లు మాత్రమే ఇప్పించినది. దానికి విరుగుడుగా 1887 లో, నకలు వస్తువుపై వచ్చిన లాభమంతయు చెల్లింపవలెనని చట్టము చేసినారు. తివాచీకి డిజైనే ప్రాణము. లోపల చిప్పు, రేడియో, బ్యాటరీ, తెర గల ఫోనుకు అదే న్యాయము వర్తించునా? లాభమును మొత్తము వస్తువుపైననే లెక్కింపనక్కరలేదని, ఒక భాగముపై కూడ లెక్కింపవచ్చునని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2018 మేలో జ్యూరీ మరల 53.9 కోట్ల డాలర్లు నిర్ణయించగా, జూన్‌లో ఉభయులు రాజీపడినారు. ఏడేండ్ల తగవు ముగిసినది. అప్పటికే లోకమంతట ఫోనులు అద్దపు పలకలైపోయినవి.

అనుకరించినవారే ఊహించుట

2010 లో చైనాలో స్థాపితమైన షావోమీ సంస్థను కూడ ఆపిల్‌ను అనుకరించునదని పెక్కుమంది నిందించినారు. 2014 లో ఆపిల్ ప్రధాన రూపశిల్పి జోనీ ఐవ్ దీనిని దొంగతనముగానే భావించుచున్నానన్నాడు. 2015 ఆగస్టులో ఈ సంస్థ ఫోనుల తయారీ ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ కర్మాగారమున ప్రారంభమైనది. షెంజెన్ ప్రాంతపు పనితనములో కొంత ఈ విధముగా మన ప్రాంతమునకును చేరినది.

2016 లో షావోమీ స్వయముగా మి-మిక్స్ అను ఊహాఫోనును తెచ్చి అమ్మినది. తెర పైఅంచువరకు వ్యాపించుటచే చెవియొద్ది స్పీకరుకు చోటు లేకపోయినది. విద్యుత్తు నిచ్చినపుడు కంపించెడి పీజో పింగాణీ బిళ్లతో ఫోను చట్రమునే కదిలించి ధ్వని పుట్టించినారు. ఈ ఉపాయము తృప్తికరముగా లేనందున 2017 నాటి రెండవ రకములో మామూలు స్పీకరు మరల వచ్చినది. 2019 సెప్టెంబరులో ఫోను చుట్టును తెర చుట్టుకొనియుండు మి-మిక్స్ ఆల్ఫాను ప్రదర్శించినారు. దానిని పెద్ద ఎత్తున తయారుచేయుట కష్టమని 2020 లో విరమించినారు. నకలు తీయుటలో ఆరితేరినదన్న పేరుపడిన సంస్థకు, తన ఊహకే నిజమైన నకలు తీయుట సాధ్యము కాలేదు!

ఇట్టి దృష్టాంతములు ఇంకను కలవు. 2008 లో నోకియా సంస్థ, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముతో కలిసి మార్ఫ్ అను ఊహను ప్రకటించినది. పారదర్శకమై, సాగుచు వంగుచు, చేతికి కంకణమువలె చుట్టుకొను ఫోను అది. న్యూయార్క్ ఆధునిక కళాప్రదర్శనశాలలో కూడ చోటు సంపాదించినది, విపణికి రాలేదు. 2019 లో శాంసంగ్ మడతఫోను పరీక్షకై పత్రికలవారికి ఇచ్చిన కొద్ది దినములకే కొన్ని చెడిపోయినవి. కొందరు పైపొరను ఊడదీసినారు. కొన్నింటిలో మడతబందు సందునుండి ధూళికణములు లోపలికి చొరబడినవి. ఏప్రిల్ విక్రయము సెప్టెంబరుకు వాయిదా పడినది. చిత్రములోని ఫోను ఎన్నిమార్లైనను మడతపడును. దానిలోనికి దుమ్ము పోదు.

కాబట్టి రేపు ఏ పత్రికలోనైనను గాజు కంకణమువంటి ఫోను చిత్రము కనబడినచో, దానిని తోసివేయనక్కరలేదు; వెంటనే నమ్మనక్కరయు లేదు. మూడు ప్రశ్నలు వేసినచో చాలును. ఇందు వ్రేలిని గుర్తించునదేది? బ్యాటరీ ఎక్కడ నున్నది? పదివేలసార్లు వాడిన పిమ్మట దీని అంచులు, బందులు ఏమగును? జవాబున్నచో అది రాబోవు వస్తువు. లేనిచో, ఆ జవాబు మాల్వర్న్‌లోని జాన్సన్ వంటివాని ప్రయోగశాలలో, ఫోనుతో సంబంధము లేని మరేదో పనిలో, ఇప్పుడు తయారగుచుండవచ్చును.